నార్వే కొండలలో గృహిణి లేని గృహములు

గృహిణి లేని యిల్లు ఇల్లే కాదని మన పెద్దల మాట. దీపము పెట్టుటకును, నీరు తోడుటకును, వేళకు వచ్చినవారికి ఆకు వేయుటకును ఒక స్త్రీ లేనిచో, ఆ కప్పు క్రింద గోడలే గాని గృహము లేదని దాని తాత్పర్యము. అయినను నార్వే దేశపు పర్వతములమీద యజమానురాలు గాని, యజమానుడు గాని, కావలివాడు గాని లేని యిండ్లు వందలకొలది గలవు. వానిలో పొయ్యి యున్నది. పొయ్యి ప్రక్కన చీల్చిన కట్టెలున్నవి. అలమరలో బియ్యమును కాఫీపొడియు నున్నవి. పడకలమీద బొంతలు మడతపెట్టి యున్నవి. నేల తుడిచి యున్నది. ఇది యంతయు ఎవరు చేసిరి? నిన్న రాత్రి యచట బసచేసి, నేటి యుదయమున వెడలిపోయిన బాటసారులు. ఎవరికొఱకు చేసిరి? ఈ రాత్రి యేవేళనో రాబోవు, తామెన్నడును చూడబోని బాటసారులకొఱకు. ఈ యేర్పాటు ఎట్లు పుట్టెనో, ఎట్లు నడచుచున్నదో, ఇంటిపని బరువు నెఱిగిన మనబోంట్లు అందు గమనింపదగిన దేమో సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

నార్వే యూరపుఖండమున ఉత్తరపు కొనయందు సముద్రము వెంబడి సన్నగా, పొడవుగా సాగియున్న దేశము. జనసంఖ్య సుమారు 55 లక్షలు మాత్రమే. భూమిలో అధికభాగము కొండలు, ఱాతిబయళ్లు, సరస్సులు, అడవులు. సేద్యమునకు వచ్చునది నూటికి మూడు పాళ్లు. అందుచే పూర్వము పల్లెలవారు వేసవి రాగానే పశువులను కొండమీది పచ్చికకు తోలుచుండిరి. అచ్చట కట్టుకొనిన చిన్న కొయ్యయిండ్లకు 'సేతెర్' అని పేరు. అందు వేసవి యంతయు నివసించి, పాలు పితికి, వెన్న చిలికి, జున్ను కాచినవారు చాలవఱకు స్త్రీలే. కొండదారిని పోవువానికి ప్రొద్దు గ్రుంకినచో ఆ స్త్రీల గడపయే దిక్కు. కావున నార్వే పర్వతములందు అతిథిసత్కారమునకు మొదటి గురువులు పశువుల కాచుకొను ఆడవారే యనవచ్చును. నార్వే, స్వీడన్ దేశముల యీ వేసవి పశుపాలన సంప్రదాయమును 2024వ సంవత్సరమున యునెస్కోవారు మానవజాతి వారసత్వ సంప్రదాయముల పట్టికలో చేర్చిరి.

తీర్థయాత్రయు ఇందులకు తోడయ్యెను. నిదారోస్ అని పూర్వనామము గల త్రోండ్‌హైమ్ నగరమున ఓలావ్ అను రాజర్షి సమాధి కలదు. దానిని దర్శింపబోవువారు దోవ్రె పర్వతము దాటవలెను. మంచులో చిక్కి మరణించువారిని తలచి, 12వ శతాబ్దారంభమున ఏలిన ఐస్తైన్ రాజు ఆ కొండమీద బసయిండ్లు కట్టించెనని ఆ దేశచరిత్ర చెప్పుచున్నది. మన రాజులును, రాణులును యాత్రామార్గములందు సత్రములు కట్టించిన ధర్మబుద్ధియే యిదియు. కాని మన సత్రమునకు ధర్మకర్తయు, వంటవాడును ఉందురు. నార్వే కుటీరములు ఆ స్థితిని దాటి మఱియొక మెట్టు పైకి పోయినవి.

ఆ మెట్టు ఎక్కించినది 1868వ సంవత్సరము జనవరి 21వ తేదీన స్థాపింపబడిన నార్వే పర్యాటక సంఘము. దీని నా దేశపుభాషలో 'డెన్ నోర్‌స్కె తురిస్ట్‌ఫొరెనింగ్' అందురు, పొడియక్షరములతో డి.ఎన్.టి. అని వాడుక. థామస్ హెఫ్త్యె అను బ్యాంకు యజమాని దీని స్థాపకులలో ముఖ్యుడు. జనులు తమ దేశమును తామే కాలినడకను చూచుటకు దారియు, బసయు సులభము చేయవలెననుట సంఘముయొక్క యుద్దేశము. ఆ సంవత్సరమే తెలెమార్క్ మండలములో ర్యూకాన్ జలపాతము సమీపమున క్రోకాన్ అను చిన్నయింటిని సంఘమువారు సంపాదించిరి. అదియే వారి మొదటి కుటీరము. తరువాత 1871లో యోతున్‌హైమెన్ పర్వతములలో యెండే సరస్సు కొనయందు యెండెబు కుటీరము వెలసెను. నేడు సంఘమునకు 3 లక్షలకు మించిన సభ్యులును, 550కి పైగా కుటీరములును గలవు. కొన్ని కుటీరములు నలుగురు పట్టునవి. కొన్ని నూఱుమందికి మించి పట్టునవి.

ఈ కుటీరములు మూడు విధములు. మొదటివి పరిచారకులు గలవి. వీనిలో నియమితవేళకు వేడిభోజనము వడ్డింతురు. ఉదయమున ఫలాహారపు బల్లమీది రొట్టెయు, జున్నును మధ్యాహ్నమునకు మూటకట్టుకొనవచ్చును. రెండవవి సామగ్రి గలిగి పరిచారకులు లేనివి. వీనిలో పొయ్యి, పాత్రలు, పడకలు, ఎండుదినుసుల అలమర యుండును. వండుకొనుట, కడుగుకొనుట వచ్చినవారి వంతు. మూడవవానిలో పొయ్యియు, పాత్రలును, పడకలును మాత్రమే. తిండి తామే మోసికొనిపోవలెను. మొదటివానికి ఒక గొప్ప నియమము కలదు. నడచి వచ్చినవానిని 'చోటు లేదు, పొమ్ము' అనరు. పడకలన్నియు నిండినచో భోజనశాలలో నేలమీదనైనను పఱుపు వేయుదురు. కొండమీద రాత్రి బయట విడుచుటకును, మృత్యువునకు అప్పగించుటకును భేద మల్పమని వారెఱుగుదురు.

రెండవ, మూడవ విధముల కుటీరములకు తాళము వేసియుండునవి అనేకములు. ఆ తాళపుచెవియే నన్ను మొదట ఆశ్చర్యపఱచినది. దేశములో తాళము వేసిన సంఘ కుటీరములలో చాలవానికి ఒకే చెవి! సభ్యుడైనవాడు కొంత ధరావతు కట్టి దానిని తెచ్చుకొనును. మన యిండ్లలో తాళపుచెవుల గుత్తి కోడలి చేతికి వచ్చుటకు ఎన్నియేండ్లు పట్టునో మనకు తెలియును. ఇచ్చట ముక్కుమొగ మెఱుగని లక్షలాది సభ్యులలో ఎవరికైనను ఆ గుత్తి అందును. ఆ చెవి పట్టినవాడు అతిథియు నగును, యజమానుడు నగును.

అలమర తలుపున ధరల పట్టిక అంటించి యుండును. అటుకుల వంటి ఓట్లు, బియ్యము, డబ్బాలలోని బఠాణీలు, పలుచని యెండురొట్టెలు, చక్కెర, టీ, కాఫీ, అన్నిటికిని వెల వ్రాసియుండును. తీసికొన్నదానిని తామే లెక్కవ్రాసికొని, పడక రుసుముతో కలిపి చెల్లింపవలెను. రాత్రి యుండక పగటిపూట మాత్రము లోపలికి వచ్చి పొయ్యి వాడుకొనువారును స్వల్పరుసుము నీయవలెను. పూర్వము ఒక కాగితముమీద పేరును, బ్యాంకుకార్డు సంఖ్యయు వ్రాసి గోడకు బిగించిన పెట్టెలో వేయుచుండిరి. ఇప్పుడు మొబైలు ఫోనుచే చెల్లించుట వాడుకలోనికి వచ్చినది. ఫోను పనిచేయని చోట్లు కొండలలో పెక్కు గలవు గనుక, ఇంటికి పోయిన పిదప చెల్లించువారును గలరు. చూచువాడు లేడు, అడుగువాడు లేడు. చెల్లింపక పోవువారు బొత్తిగా లేరని కాదు. కాని నూటికి నూఱుపాళ్లు కావలి పెట్టుటకంటె, నమ్మి కొంత పోగొట్టుకొనుటయే మేలని సంఘము నిశ్చయించుకొన్నట్లు కనబడును.

పోయిన వేసవిలో ఈ కుటీరములను కన్నులార చూచు భాగ్యము నాకు కలిగినది. మా తమ్ముడు ఆస్లో నగరమున ఇంజనీరు. వాని యింటికి మావారును నేనును పోతిమి. మావారు ఉపాధ్యాయులగుటచే జూను నెలలో బడి తెఱచువేళకు తిరిగి వచ్చిరి. నేను జూలై వఱకు నుంటిని. పరిచారకులు గల కుటీరములు ఎత్తుకొండలలో సాధారణముగా జూను కడపటి దినములలో తెఱచి సెప్టెంబరు నడుమ మూయుదురు. తమ్ముడు, మఱదలు, నేను ముగ్గురము నాలుగు దినముల యాత్రకు బయలుదేఱితిమి.

ఆస్లోనుండి బస్సున పోయి సాయంకాలమునకు యెండెషైమ్ చేరితిమి. ఇది 1878నాటి కుటీరము. యెండే సరస్సునకు తూర్పుకొన. హిమనదులు అఱగదీసిన ఱాతిపొడి కలియుటచే ఆ నీరు లేతపచ్చగా నుండును. దానికి పైన దాదాపు 400 మీటర్ల ఎత్తున బెస్‌వాత్న అను మఱియొక సరస్సు నీలముగా నున్నది. ఈ రెంటినడుమ కత్తివాదరవలె సాగినది బెస్సెగ్గెన్ అను ఱాతికట్ట. హెన్రిక్ ఇబ్సెను 1867లో ప్రకటించిన 'పేర్ గ్యుంట్' నాటకమందు నాయకుడు ధ్రువజింకపై నెక్కి యెండే కొండకొమ్మువెంట స్వారిచేసితినని తల్లియెదుట ప్రగల్భములాడును. ఆ దారినే మఱునాడు నడువవలెనని మా తమ్ముని కోరిక.

మఱునాడు గంటసేపు ఎక్కితిమో లేదో, పొగమంచు దిగెను. గాలి మూపుమీది మూటను పట్టి లాగజొచ్చెను. ఇంకను అరగంట చూతమని తమ్ముడు. సెలవు నాలుగుదినములే యని వాని తొందర. మఱదలు నిలిచిపోయి, "కొండ యెక్కడికిని పోదు. పోవునది మనమే" అనెను. మువ్వురమును వెనుకకు మరలితిమి. కుటీరము చేరగా అప్పటికే మావలెనే మరలివచ్చినవారు పదిమందికి పైగా పొయ్యిచుట్టు కూర్చుండి యుండిరి. ఎవరును మమ్ము చూచి నవ్వలేదు. ఒక వృద్ధుడు జరిగి చోటిచ్చి, వేడి కాఫీ పోసెను.

ఈ నవ్వకపోవుట వెనుక ఒక విషాదచరిత్ర కలదు. నార్వేలో ఈస్టరుపండుగ సెలవులకు మంచుపై జాఱుడుపలకలు కట్టుకొని కొండలకు పోవుట గొప్ప యాచారము. ప్రమాదములు హెచ్చుచుండుటచే 1952లో పర్వతప్రయాణ నియమములను మొదట కూర్చిరి. 1967నాటి ఈస్టరులో 18 మంది కొండలలో మరణించిరి. అటుపై ఆ నియమములను దేశమంతట చాటిరి. ఒక చాక్లెట్టు పొట్లముల కాగితము లోపల సైతము అచ్చువేసిరి. 2016లో కాలానుగుణముగా సవరించిరి. నియమములు తొమ్మిది. పోవుచోటు ముందుగా ఒకరికి చెప్పుట, తన శక్తికి మించిన దారి పట్టకుండుట, వాతావరణవార్త వినుట, స్వల్పయాత్రకైనను చలిబట్టలు కొనిపోవుట మున్నగునవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది, సకాలమున వెనుదిరుగుటలో సిగ్గులేదనునది. ఎనిమిదేండ్ల బాలుడును దీనిని వల్లెవేయును. సాహసమును పొగడు దేశములు పెక్కు. మరలివచ్చుటను సుగుణముగా బిడ్డలకు నేర్పు దేశము నేను చూచినది ఇదియొక్కటియే.

ఆ మధ్యాహ్నము పడవపై సరస్సు వెంబడి పోయి, రెండవకొననున్న యెండెబు చేరితిమి. సంఘము నేటికిని నడుపుచున్న కుటీరములలో ఇది మిక్కిలి ప్రాచీనము. మాంసము తిననని ముందే తెలిపియుండుటచే నాకు కాయగూరల పులుసును, ఉడికిన దుంపలును పెట్టిరి. పాలవిఱుగుడు నీటిని గంటలతరబడి కాచి చేసిన గోధుమవర్ణపు జున్ను రొట్టెపై వేసికొని తిందురు. దాని రుచి మన పాలకోవాకు దూరపు చుట్టము. నలుగురైదుగురు తెలియనివా రొక్క బల్లయొద్ద కూర్చుండుటయే అచ్చటి పద్ధతి. రేపు ఎచ్చటికి, దారిలో ఏఱు నిండినదా, మంచు కఱగినదా, ఇవియే మాటలు.

మూడవదినము ఓలావ్స్‌బు కుటీరమునకు నడచితిమి. ఆఱుగంటల దారియని పటము. మాకు ఎనిమిదిగంటలు పట్టెను. ఆ నిర్జనప్రదేశమున దారి తప్పకుండ చేయునవి ఱాతిగుట్టలమీద ఎఱ్ఱరంగుతో వ్రాసిన 'టి' అను అక్షరములు. ఒకటి దాటగానే కన్ను మఱియొకదానికై వెదకును. దేశమంతట సుమారు 20,000 కిలోమీటర్ల వేసవిదారులు ఇట్లు గుఱుతులు పెట్టబడియున్నవి. శీతకాలమున ఱాళ్లు మంచులో మునుగును గనుక, చెట్టుకొమ్మలను వరుసగా మంచులో నాటుదురు. రంగు వేయువారును, కొమ్మలు నాటువారును చాలవఱకు జీతగాండ్రు కారు; సెలవుదినములలో స్వచ్ఛందముగా శ్రమదానము చేయు సామాన్యులు. ఇట్టి యుమ్మడిపనికి వారి భాషలో 'దుగ్‌నాద్' అని పేరు. కుప్పనూర్పులకును, పందిళ్లు వేయుటకును ఊరందఱు చేరు మన పల్లెల సాయమును ఇది తలపునకు తెచ్చినది.

ఓలావ్స్‌బు 1440 మీటర్ల ఎత్తున నున్నది. చెట్టు లేదు, పొద లేదు. ఱాయి, మంచు, నీరు, ఆకాశము. కట్టెపుల్లయైనను అచ్చట మొలవదు. కట్టెలును, గ్యాసుబుడ్లును, తిండిదినుసులును శీతకాలమున మంచుబండ్లపైన గాని, హెలికాప్టరుపై గాని అట్టి కుటీరములకు చేర్పవలెను. అందుచే ఒక్కొక్క కఱ్ఱ అచ్చట బంగారుకమ్మియే.

మేము తలుపు తీయునప్పటికి లోపల పన్నెండుగురు ఉండిరి. గడపలో బూట్లు విడిచితిమి. మొదటిపని, అచ్చటి పుస్తకమున మా పేర్లును, ఎచ్చటనుండి వచ్చితిమో, రేపెచ్చటికి పోదుమో వ్రాయుట. ఇది పద్దుపుస్తకము మాత్రమే కాదు. ఎవరైన తప్పిపోయినచో వెదకువారు మొదట విప్పునది ఈ పుటలనే. రెండవపని నీళ్లు. బిందెకు బదులు బకెట్లు పట్టుకొని సరస్సునకు పోవలెను. మేము వెదకుచుండగనే పదియేండ్ల బాలు డొకడు మా చేతినుండి బకెట్టు పుచ్చుకొని పోయి నింపితెచ్చెను. వాని తల్లి కూర్చుండి కాలిపొక్కులకు పట్టీ వేసికొనుచుండెను. తండ్రి గిన్నెలు తోముచుండెను. 'నీవు చేయుము' అని ఒకరినొకరు అనుట వినలేదు. పొయ్యిమీద అన్నము వండి, నేను తెచ్చిన కందిపొడియు నేయియు కలిపి తలకొకముద్ద పెట్టితిని. కారమునకు కన్నీరు కార్చుచునే యొక ముదుసలమ్మ రెండవముద్ద కడిగెను.

రాత్రి పదిగంటలైనను ఆకాశమున వెలుగు తగ్గలేదు. అప్పుడు వానలో తడిసి నలుగురు వచ్చిరి. లోపలివారు లేచి పొయ్యిపైనున్న తమ పొడిబట్టలు తీసి, వారి తడిబట్టలకు తీగ విడిచిరి. ఒకరు పులుసు వేడిచేసిరి. ఒకరు పడకగదిలో తమ మూటలు నేలకు దింపిరి. ఆ నలుగురికిని మాకును భాష వేఱు, దేశము వేఱు. ఐనను ఆ యిల్లు మా సొంతమైనట్లు, వారు మా యింటికి వచ్చిన చుట్టములైనట్లు నాకు తోచెను. మూడుగంటలకు పూర్వము నేనును అట్లే వచ్చినదానను గదా!

తెల్లవాఱిన పిమ్మట చూచిన దృశ్యమును మాత్రము సోదరీమణులకు ప్రత్యేకముగా చెప్పవలెను. వెడలిపోవువారికి ఒక పట్టిక గోడపై నుండును. బొంతలు దులిపి మడచుట, గిన్నెలు కడిగి తుడిచి బోర్లించుట, పొయ్యిలోని బూడిద ఇనుపబకెట్టులోని కెత్తుట, కట్టెలపెట్టె నింపుట, చెత్త తమతో క్రిందికి మోసికొనిపోవుట, నేల కడుగుట, కిటికీలు బిగించుట. ఈ పనులకు స్త్రీపురుష భేదము లేదు. విద్యావంతుడు, కూలివాడు అను భేదము లేదు. న్యాయవాదియని చెప్పుకొన్న యొక పెద్దమనిషి కట్టెలు చీల్చుచుండెను. మా యమ్మయింట మంచినీళ్ల చెంబైనను తానుగా ముంచుకొని యెఱుగని మా తమ్ముడు మోకాళ్లపై కూర్చుండి నేల తోముచుండెను! నేను చూచి, "అమ్మ చూచిన నమ్మునా?" అంటిని. వాడు తల యెత్తకయే, "అక్కా, ఇక్కడ నేల తోమక పోయినచో అమ్మ కాదు, ఊరందఱు చూతురు" అనెను.

వాని మాటలో సత్యమున్నది. మన యిండ్లలో ఇంటిపని కనబడదు. ఒకరు చేయుచున్నంతకాలము అది తనంతట తానే జరిగినట్లుండును. ఆ యొక్కరు జ్వరముతో పడుకొన్న దినముననే అదియొక పనియని తెలియును. కొండకుటీరమున అట్టి యొక్కరు లేరు. కావున ప్రతివానికిని పని కనబడును. నిన్నటి యతిథి కట్టెలు పెట్టి పోకున్న నేడు తన వ్రేళ్లు కొంకర్లు పోవును. తాను పెట్టి పోకున్న రేపటివానికి అదేగతి. పొయ్యిప్రక్కనున్న నాలుగు కఱ్ఱలు ఒకని ప్రాణమని తెలిసినప్పుడు, కట్టెలు పేర్చుట నీచమైన పనియని ఎవడనగలడు?

ఇట్టి కొయ్యయిండ్లు దేశరక్షణకు సైతము తోడ్పడిన కాలము కలదు. రెండవ ప్రపంచయుద్ధమున నార్వే జర్మనులచే ఆక్రమింపబడినప్పుడు, 1942 అక్టోబరులో నలుగురు నార్వే యువకులు గొడుగువంటి పారాషూట్లతో హర్దాంగర్ పీఠభూమి ప్రాంతమున దిగిరి. సంఘముయొక్క మొదటి కుటీరమున్న ర్యూకాన్ లోయలోనే, వేమూర్క్ కర్మాగారమున జర్మనులు భారజలము తయారుచేయించుచుండిరి. దానిని ధ్వంసము చేయువారికి దారిచూపుట ఈ నలుగురి పని. ఆ చలికాలమంతయు వారు జనశూన్యమైన కొండపాకలలో దాగియుండి, తిండి లేక ఱాతిపాచి తినిరి. క్రిస్మసు వేళకు ఒక ధ్రువజింక దొరకుటచే ప్రాణములు నిలిచెను. 1943 ఫిబ్రవరి చివర కార్యము నెఱవేఱెను. ఆ నలుగురిలో నొకడైన క్లౌస్ హెల్‌బెర్గు యుద్ధానంతరము ఈ పర్యాటక సంఘముననే చేరి, దీర్ఘకాలము జనులకు కొండదారులు చూపెను. ప్రాణము కాపాడిన కప్పుల ఋణము ఆయన అట్లు తీర్చెననుకొందును.

స్త్రీలమాట చెప్పక విడువరాదు. 1894లోనే థెరేస బెర్తో అను ఉపాధ్యాయిని 2405 మీటర్ల ఎత్తుగల స్తూరె స్కాగస్తోల్స్‌తిన్ అను కఠినశిఖర మెక్కెను. నార్వే స్త్రీలలో ఆ శిఖర మెక్కినవారిలో ఆమెయే మొదటిది. నేడు మేము నడచిన దారిలో ఒంటరిగా మూటవేసికొని పోవు స్త్రీలు పలువురు కనబడిరి. ఆ రాత్రి కందిపొడి మెచ్చిన ముదుసలమ్మ వారిలో నొకతె. భయము లేదా యని అడుగగా, వాతావరణమునకు భయపడుదును గాని మనుష్యులకు కాదని ఆమె చెప్పెను. స్త్రీకి ఒంటరిప్రయాణము సాధ్యమగుటకు ధైర్యమొక్కటియే చాలదు. రాత్రికి తలుపు తెఱచుకొను ఇల్లు దారిలో నుండవలెను. ఆ యింట లోపలివారు మర్యాద నెఱిగినవారై యుండవలెను. అవి రెండును ఉన్నచో ధైర్యము తానుగా వచ్చును.

ఈ యేర్పాటునకు చిక్కులు లేకపోలేదు. బెస్సెగ్గెన్ వంటి ప్రసిద్ధిచెందిన చోట్లకు జను లత్యధికముగా వచ్చుచున్నారు. రద్దీ కాలమున కొన్ని కుటీరములందు స్వచ్ఛందసేవకులను కాపునుంచవలసి వచ్చుచున్నది. మఱియొకటి మూగజీవుల చిక్కు. నార్వే కొండలలోని అడవి ధ్రువజింకలు మనుష్యుని వాసనకు దూరముగా తొలగిపోవును. దారులును, కుటీరములును వాని మేతబయళ్లను ముక్కలుచేయుచున్నవి. 2021లో ఆ దేశపు అపాయస్థితి జీవుల పట్టికలో వీనిని చేర్చిరి. వాని మేలుకై కొన్నిచోట్ల దారులను మార్చుటయు, మూయుటయు జరుగుచున్నది. అతిథి గృహమును కాపాడినట్లే, గృహము కొండను కాపాడవలెను గదా!

మన తెలుగు బిడ్డలు పెక్కుమంది యూరపుదేశములలో చదువులకును, ఉద్యోగములకును ఉన్నారు. వారిని చూడబోవు తల్లులకు కొన్ని సూచనలు చేసెదను. సభ్యత్వ మెవరైనను తీసికొనవచ్చును. సభ్యులకు రుసుము తగ్గును. మొదటి యాత్రకు పరిచారకులు గల కుటీరములే మేలు. ముందుగా పడక నియమించుకొనుట మంచిది. శాకాహారులు అప్పుడే తెలుపవలెను. బొంతయు తలగడయు అచ్చట నుండును. సంచివలె కుట్టిన పలుచని దుప్పటి మాత్రము మనమే కొనిపోవలెను. మేనికి తగులుబట్ట నూలుది కాక ఉన్నిదై యుండవలెను. నూలు తడిసినచో ఆఱదు, చలి పట్టును. చీరతో ఱాళ్లపై నడువరాదు. వాననాపు పైబట్ట, కాగితపు పటము, దిక్సూచి, ఎండునప్పుడు గాజులసంచిలో నైనను చోటుచేసికొని రెండవ జత మేజోళ్లు ఉంచవలెను. గుడారము వేయువారికి 1957నాటి చట్టముచే అడవులలోను, కొండలలోను స్వేచ్ఛ కలదు. కాని జనులుండు ఇంటికిని, కుటీరమునకును 150 మీటర్ల దూరమున వేయవలెను.

దూరదేశపు వింతలు చదివినప్పుడు, అవి అచ్చటివారికే చెల్లునని పుస్తకము మూసివేయుట మన యలవాటు. కొండలును, మంచును మనకు లేకున్నను, మన వెనుక వచ్చువారు లేరా? రైలుపెట్టెలోని ఆసనము, యాత్రాస్థలపు సత్రపుగది, ఊరిబావి గట్టు, ఇవి మనము విడిచిపోవునవియే. ఎవరో మన వెనుక వచ్చి తాకునవియే. మన కుమారులకు చిన్ననాటనే బకెట్టు నింపుటయు, తిన్న కంచము కడుగుటయు, కూర్చున్నచోటు తుడుచుటయు నేర్పినచో, వారెచ్చటికి పోయినను ఆ యింటికి గృహిణి లేని కొఱత యుండదు. ఆడబిడ్డలకు మాత్రమే దీనిని నేర్పి ఊరకుంటిమేని, సగము పిల్లలకు ఇల్లనగా నేమో తెలియకయే పోవును. ఓలావ్స్‌బు విడుచునప్పుడు మా కట్టెలపెట్టె నిండుగా నున్నది. ఆ రాత్రి దానిని ఎవరు వెలిగించిరో మాకు తెలియదు. తెలియవలసిన పనియు లేదు.